దీపములో కాలిన విద్యుత్తు ఎక్కడికి పోవును?

గడచిన వర్షకాలములో ఒకనాటి రాత్రి పెనుగాలి వీచి, అడవిచెట్టొకటి తీగలపై కూలెను. మా వసతిగృహములో దీపములు మూడుగంటలసేపు ఆరిపోయినవి. అవి మరల వెలిగినప్పుడు పిల్లలందరును చప్పట్లు చరచిరి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాత్రము చప్పట్లు చరవక నాయొద్దకు వచ్చి, "అయ్యా, దీపములో కాలిపోయిన కరెంటు ఎక్కడికి పోవును?" అని యడిగెను.

"కరెంటు కాలిపోదు నాయనా, పోయి పండుకొనుము" అని చెప్పి పంపితిని. ఆ సమాధానములో సగమే సత్యము గలదు. మిగిలిన సగమును ఆ బాలునికి బాకీపడితినని తోచి, తరువాతి వారమంతయు తరగతిలో ఈ యొక్క ప్రశ్ననే పాఠముగా చెప్పితిని. తలిదండ్రులును చదువుదురు గనుక ఆ పాఠమునే యిచ్చట వ్రాయుచున్నాను.

ఆ బాలుని మనస్సులో కిరసనాయిలు బుడ్డి యున్నది. బుడ్డిలో నూనె పోసినచో అది వత్తివెంట ప్రాకి, కాలి, తరిగిపోవును. కరెంటుకూడ ఆ రీతినే తీగవెంట ప్రాకివచ్చి బల్బులో కాలి హరించునని యతడు తలచెను. ఇది తప్పని చూపుటకు మాటలకంటె అమ్మీటరు మేలు. ఒక బ్యాటరీకి చిన్నబల్బును తగిలించి, బల్బునకు ముందొక అమ్మీటరును, వెనుకనొక అమ్మీటరును ఉంచితిమి. రెండింటి ముల్లులును ఒకే అంకెమీద నిలిచినవి. పిల్లలు నమ్మక అమ్మీటర్లను తారుమారుచేసి చూచిరి; అప్పుడును అంతే. బల్బులోనికి పోవు ప్రవాహమెంతయో, వెలికివచ్చు ప్రవాహమును అంతయే.

మఱి తరిగినదేమి? మోతుగూడెము నెరిగిన పిల్లలు మాలో కొందరు గలరు. అచ్చటి దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము 1970వ దశాబ్దములో నెలకొల్పబడినది. ఆ యూరు అప్పుడు ఖమ్మముజిల్లాలోనిది. ఇప్పుడు ఆంధ్రప్రదేశములోనిది. మొదట నెలకొల్పిన యంత్రములు నాలుగు. ఒక్కొక్కటి 115 మెగావాట్లు. కొండమీది కాలువలో వచ్చిన నీరు పెద్ద గొట్టములగుండ క్రిందికి దుమికి, టర్బైనును త్రిప్పి, దిగువ వాగులోనికి పోవును. పైనుండి ఎంత నీరు దిగెనో క్రింద అంత నీరే బయటపడును, చుక్కయైనను ఖర్చుకాదు. తరిగినది నీరు గాదు, నీటి యెత్తు. దీపము సంగతియు నట్టిదే. ప్రవాహము తరుగదు, ఆ ప్రవాహమును నడపు వోల్టేజి బల్బుయొక్క యీకొననుండి ఆకొనకు పడిపోవును. ఆ పడుటలో చేతులు మారినదానికే శక్తి యని పేరు.

"పని చేయగల సామర్థ్యమే శక్తి" యని పిల్లలు కంఠపాఠము చేయుదురు. వాక్యము తప్పుకాదు గాని, దానిని వల్లించినవారిలో శక్తియన నేమో తెలిసినవారు అరుదు. శక్తి ఒక వస్తువుకాదు. దానిని సీసాలో పట్టిచూపలేము. సంతలో కోమటి వ్రాసికొను చిట్టావంటిది శక్తి. ఇప్పపువ్వు ఇచ్చి ఉప్పు కొంటిమి. ఉప్పు ఇచ్చి మఱియొకడు చింతపండు కొనెను. సరకు మారుచుండును, మొత్తపు విలువ చిట్టాలో సరిపోవలెను. ఎత్తుననున్న నీటి శక్తి, పరుగెత్తు చక్రపు శక్తి, వేడి, వెలుతురు, బొగ్గులో దాగిన శక్తి, తినిన జావలోని శక్తి, ఇవన్నియు ఒకే చిట్టాలోని పద్దులు. ఒకచోట తరిగినంత మఱియొకచోట పెరుగును. ఇంతవరకు ఏ ప్రయోగములోను ఈ చిట్టా తప్పలేదు.

ఇది సులభముగా తెలిసిన సంగతి కాదు. 1840లో మేయరను జర్మను వైద్యుడు ఓడలో జావాద్వీపమునకు పోయి, అచ్చట నావికుల సిరలనుండి తీసిన రక్తము చల్లనిదేశములో కంటె ఎఱ్ఱగా నుండుట చూచెను. ఉష్ణదేశములో దేహము వెచ్చగా నుండుటకు తక్కువ ఆహారము దహింపబడిన చాలునని ఊహించి, ఆహారము, వేడి, పని ఒకదానికొకటి సాటియగునని 1842లో ప్రకటించెను. ఇంగ్లండులో మాంచెస్టరు ప్రాంతమున బీరుబట్టీ యజమానికొడుకైన జౌలు ఆ దశాబ్దములోనే దానిని కొలిచెను. బరువులను క్రిందికి దిగనిచ్చి, వానిచే నీటిలో తెడ్లను త్రిప్పించి, నీరెంత వెచ్చనయ్యెనో సూక్ష్మమైన ఉష్ణమాపకముతో చూచెను. నేటి కొలతలలో చెప్పవలెనన్న, నీరు సుమారు 427 మీటర్ల యెత్తునుండి పడి, ఆ శక్తియంతయు దానిలోనే నిలిచినచో ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వెచ్చబడును. వాజేడువద్ద బొగత జలపాతము ఎత్తు సుమారు 30 అడుగులు. అంతటి హోరులో దుమికిన నీరు డిగ్రీలో నలుబదియవ వంతుకూడ వెచ్చబడదు. వేడి యను పద్దు ఇంత చాటుగా నుండుటచేతనే దానిని కనుగొనుటకు అన్ని యేండ్లు పట్టినది.

శక్తికి కొలత జౌలు. కరెంటుబిల్లులోని ఒక యూనిటు 36 లక్షల జౌళ్లకు సమానము. అంకె పెద్దది గనుక మనస్సునకు పట్టదు. అందుచే ఒక లెక్క చేయించితిని. 40 కిలోల బరువుగల బాలుడు సముద్రమట్టమునుండి ఎవరెస్టు శిఖరముమీదికి, అనగా 8,849 మీటర్లు, ఎక్కినచో అతని బరువును పైకెత్తుటకు పట్టు శక్తి 34 లక్షల 69 వేల జౌళ్లు. ఒక యూనిటునకు ఇంకను తక్కువే! పది వాట్ల బల్బు నూరుగంటలు వెలిగిన నొక యూనిటగును. కొలది రూపాయలకు వచ్చునది గనుక మనము దానిని లక్ష్యపెట్టము. పెద్దవాడు దినమునకు తిను ఆహారములోని శక్తి సుమారు 84 లక్షల జౌళ్లు, అనగా రెండు యూనిట్లకు పైచిలుకు. దానిని దినమంతటికి పంచిచూచిన మనుష్యుడు నూరువాట్ల పాతబల్బువంటివాడు. ఏబదిమంది పిల్లలు కిటికీలు మూసికొని కూర్చున్న తరగతి ఎందుకు ఉడుకునో దీనివలన గ్రహింపవచ్చును.

ఆ వారములో పిల్లలకు అన్నిటికంటె ప్రియమైనది సైకిలు డైనమో. ఇప్పుడు సంతలో దొరకుట కష్టము. నా చిన్ననాటిది ఒకటి భద్రముగా నున్నది. సైకిలును తలక్రిందుగా నిలిపి, డైనమోను టైరునకు ఆనించి, దీపపు తీగ విప్పియుంచి పెడలును చేతితో త్రిప్పించితిని. పిమ్మట తీగను తగిలించితిని. దీపము వెలిగెను, త్రిప్పుచున్న బాలిక వెంటనే, "అయ్యా, బరువైనది!" అని కేకవేసెను. తీగ విప్పినప్పుడు చేయివదలిన చక్రము అధికముగా చుట్లు తిరిగి నిలిచెను. తీగ తగిలించినప్పుడు త్వరగా నిలిచెను. డైనమోలోని అయస్కాంతము మారలేదు, టైరు మారలేదు. దీపములో వెలుతురుగా పోయినది ఆ బాలిక చేతినుండి వచ్చినది. వందమంది పిల్లలకు శక్తి యన నేమో చెప్పుటకు ఆ ఒక్క కేక చాలును.

డైనమోలో నడచు ధర్మమును 1831లో కనుగొన్నవాడు మైకేలు ఫారడే. ఆయన కమ్మరి కొడుకు, పుస్తకములు కుట్టు దుకాణములో పనినేర్చిన పిల్లవాడు, పెద్దచదువు చదువలేదు. తీగలో ప్రవాహము నడచినప్పుడు ప్రక్కనున్న దిక్సూచి కదలునని 1820లో ఓయిర్‌స్టెడ్ చూపియుండెను. విద్యుత్తు అయస్కాంతమును పుట్టించినచో అయస్కాంతము విద్యుత్తును ఏల పుట్టింపరాదని ఫారడే యోచించెను. అయస్కాంతమును తీగచుట్టలో ఊరక ఉంచినచో ఏమియు జరుగదు. కదలించినచో ప్రవాహము పుట్టును; పుట్టిన ప్రవాహము ఆ కదలికను ఎదిరించును. ఆ ఎదిరింపే బాలిక చేతికి తెలిసిన బరువు. అది లేనిచో ఒక్కసారి త్రిప్పి వదలిన డైనమో ఊరికే దీపములు వెలిగించుచుండును, చిట్టా తప్పును.

మా పాఠశాల కరెంటునకు పెడలు త్రొక్కునది రాక్షసిబొగ్గు. 1871లో భూతత్త్వశాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నుండుట కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. సింగరేణి యను చిన్నగ్రామము పేరు కంపెనీకి వచ్చి, 1920లో నేటి సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. మా పిల్లలలో గనిపనివారి బిడ్డలు గలరు. వారి తండ్రులు పైకి తెచ్చు నల్లరాయి 25 కోట్ల యేండ్లకు పైబడిన అడవి. అప్పుడు మన దేశము ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసియుండెను. ఆనాటి చెట్లు ఎండను పట్టి ఆకులలో దాచికొని, బురదలో కూలి, ఇసుకక్రింద అణగి బొగ్గైనవి. పాల్వంచ కేంద్రములో ఆ యెండ మరల మంటయగును. మంట నీటిని ఆవిరిచేయును, ఆవిరి టర్బైనును త్రిప్పును, టర్బైను అయస్కాంతమును తీగచుట్టల నడుమ త్రిప్పును. ఒక యూనిటునకు అరకిలోకు పైబడి బొగ్గు పట్టును. సీలేరు నీటిని కొండమీదికి ఎత్తినదియు సూర్యుడే. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు లేచి ఊళ్లను ముంచినప్పుడు, ఆ నీటినంతటిని సముద్రమునుండి మోసికొనివచ్చినది ఎండయే గదా!

ఇచ్చట పిల్లలకొక వింత చెప్పితిని. పాల్వంచలోని ఎలక్ట్రాను ఒక్కటియు మన దీపమునకు రాదు. తీగలో ఎలక్ట్రానులు నత్తకంటె మెల్లగా కదలును. పైగా మన కరెంటు క్షణమునకు ఏబదిమారులు ఆవృత్తియగునది గనుక అవి ఉన్నచోటనే ముందువెనుకల కూగుచుండును. బడిదాపున స్తంభముమీది ట్రాన్స్‌ఫార్మరును చూడుడు. 11,000 వోల్టుల తీగచుట్టకును, మన 230 వోల్టుల తీగచుట్టకును నడుమ ముడి లేదు. రెండును ఒకే యినుపదిమ్మెను చుట్టియున్నవి, అంతే. అయినను శక్తి ఒకదానినుండి రెండవదానికి దాటుచున్నది. దాటించునది అయస్కాంతక్షేత్రము. శక్తి తీగచుట్టునున్న విద్యుదయస్కాంత క్షేత్రములో సాగుననియు, తీగ దానికి దారిచూపుననియు 1884లో పాయింటింగను శాస్త్రజ్ఞుడు గణితముచే చూపెను. తీగయే లేకున్నను ఆ క్షేత్రము తరంగములై పోగలదు. వెలుతురట్టి తరంగమేయని 1860వ దశాబ్దములో మాక్సువెల్లు తేల్చెను. సూర్యునినుండి చెట్టుమీదికి శక్తి వచ్చినదియు, సెల్‌ఫోనునకు మాట వచ్చునదియు ఆ త్రోవనే. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు అట్టి తరంగములను గోడలగుండ పంపి దూరమున గంట మ్రోగించిరి.

ఇంతదూరము వచ్చిన శక్తి తుదకేమగును? చాలభాగము దారిలోనే వేడియగును. బొగ్గులోని శక్తిలో కరెంటుగా మారునది, యంత్రముల మేలునుబట్టి, నూటికి 30 మొదలు 40 వంతులు మాత్రమే. మిగిలినదానిలో పెద్దభాగము కిన్నెరసాని జలాశయమునుండి వచ్చు నీటిలోనికి దిగి, శీతలీకరణ గోపురములగుండ ఆకాశమునకు పోవును. పాల్వంచలో 1966లో మొదలైన పాత యంత్రములు ఆగిపోయిన పిదప, వాని గోపురములు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చిరి. అంతకుముందు బస్సులో పోవుచు వానినుండి లేచు తెల్లని మేఘమును చూచి "పొగ, పొగ" యని పిల్లలనుచుండిరి. అది పొగ కాదు, నీటియావిరి. మనకు వెలుతురు కాలేని బొగ్గు వేడి అట్లు మేఘమై లేచెను. మన గదిలో వెలుతురు గోడలపై పడి గోడలను ఎంతో కొంచెము వెచ్చజేయును. ఆ గోడలు కంటికి కానరాని కిరణములుగా ఆ వేడిని విడుచును. రాత్రివేళ అది ఆకాశములోనికి పోవును. "దీపములో కాలినది ఎక్కడికి పోవును?" అనుదానికి ఇది నా సమాధానము.

పాఠము ముగిసెననుకొంటిని. గంటకొట్టిన తరువాత ఆ బాలుడు బల్లదగ్గరనే నిలిచి తన అసలుప్రశ్న నడిగెను. రెండేండ్లక్రిందట అతని చిన్నాయన తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుటకు పోయి, అడవిపందులకై ఎవరో పరచిన తీగ తగిలి చనిపోయెనట. లైను ఆపించిన పిమ్మటకూడ, కరెంటు ఇంకను దేహములోనే యున్నదని భయపడి, ప్రొద్దెక్కువరకు ఎవరును ఆయనను ముట్టలేదట. "తాత ఇప్పటికిని ఆ చోటును తొక్కనీయడు. ఆయనలోనికి పోయిన కరెంటు ఎక్కడ నున్నది, అయ్యా?"

ఆ మరునాడు మరల పాఠము చెప్పితిని. నల్లబల్లమీద స్తంభమును, ట్రాన్స్‌ఫార్మరును, దానినుండి భూమిలోనికి పాతిన కడ్డీని గీసితిని. ప్రవాహమునకు పోవుదారియు తిరిగివచ్చుదారియు రెండును కావలెను. తీగమీద వ్రాలిన పిట్టకు రెండుకాళ్లును ఒకే తీగమీద నుండుటచే దానిగుండ పోవుటకు కారణము లేదు. మనుష్యుని కాలు మాత్రము తడినేలమీద నుండును. ఆ నేలయే ఆ కడ్డీవరకు తిరుగుదారి. తీగ తగిలినవాడు ఆ రెండుదారుల నడుమ వంతెన యగును. కరెంటు ఆయనలోనికి పోయి నిలువలేదు, ఆయనగుండ పోయినది. లైను ఆపిన క్షణముననే నిలిచినది. ఆ దేహములోగాని, ఆ నేలలోగాని ఏమియు మిగిలియుండదు.

లెక్కయు చేసితిమి. తడిదేహపు నిరోధము సుమారు వెయ్యి ఓములనుకొన్నచో, 230 వోల్టులకు 0.23 ఆంపియరు ప్రవాహము నడచును. దానిలో సగముకంటె తక్కువయే గుండె లయను చెడగొట్టగలదు. ఒక్క సెకండులో ఆ దేహమునకు చేరు శక్తి 53 జౌళ్లు. 40 కిలోల బాలుడు బడిమెట్లలో ఒక్క మెట్టు ఎక్కుటకు ఇంతకంటె ఎక్కువ పట్టును. తరగతి నిశ్శబ్దమయ్యెను. ఎవరెస్టు ఎక్కించగల యూనిటు కొలది రూపాయలకు దొరకును; ఒక్క మెట్టుకు చాలని శక్తి గుండెగుండ పోయిన ప్రాణము పోవును. శక్తి యెంతయని మాత్రమే గాక, ఏదారిని పోయెనని కూడ చూడవలెను. పందితీగలకు తగిలించునది తరచుగా 11,000 వోల్టుల లైను. దాని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. దొంగకరెంటు తీయుట 2003 విద్యుత్ చట్టమునుబట్టియు, ఉచ్చుపన్ని అడవిపందిని చంపుట 1972 వన్యప్రాణి రక్షణ చట్టమునుబట్టియు నేరములే. అయితే తునికాకునకును ఇప్పపువ్వునకును చీకటితో అడవికి పోవువారికి చట్టముకంటె ముందుగా కావలసినది ఇది: నేలమీదనో పొదలలోనో మోకాలి యెత్తున లాగియున్న సన్నని తీగ కనబడినచో ముట్టవలదు, కఱ్ఱతో కదపవలదు. తెగిపడిన తీగదాపున నుంటివేని, పెద్ద అంగలు వేయక రెండుపాదములు చేర్చి చిన్నచిన్నగా జరిగి దూరము పొమ్ము. అంగ పెద్దదైనకొలది రెండుపాదముల నడుమ వోల్టేజి పెద్దదగును. ఎవరైన తగులుకొనియున్నచో లైను ఆపించువరకు వారిని ముట్టవలదు. ఎండుకఱ్ఱ యింటికరెంటుకు పనికివచ్చునేమో గాని 11,000 వోల్టులకు నమ్మరాదు. 1912 అను నంబరునకు గాని సబ్‌స్టేషనుకు గాని ఫోను చేయవలెను.

ఆ బాలుడు నల్లబల్లమీది పటమును తన నోటుపుస్తకములోనికి దించుకొనెను. తిరుగుదారిని ఎఱ్ఱసిరాతో గీసి, లైను ఆపినప్పుడు ఆ ఎఱ్ఱగీత ఉండదని దానిక్రింద తెలుగులో ఒకసారి, తన ఇంటి కోయమాటలో తెలుగులిపితో ఒకసారి వ్రాసికొని, దసరాసెలవులకు తాతకు చూపుటకై ఇంటికి తీసికొనిపోయెను.